నక్క నోట ‘మనం’

ఎండలు ముదిరేసరికి కొండవాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలింది. చుట్టుపక్కల జంతువులన్నిటికీ ఆ నీళ్ళే దిక్కు. ఒడ్డున గులకరాళ్ళ మధ్య తీతువుపిట్టలు గుడ్లు పెట్టుకుని కాపలా కాసేవి. దూరాన పొద కదిలినా అరిచేవి. అవి అరిస్తే అందరూ తాగే నీళ్ళు వదిలి పరుగెత్తాల్సిందే. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండేది కాదు.

పొడలమ్మ అనే దుప్పికి ఆ పరుగు ప్రాణం మీదికొచ్చేది. పిల్లకు కాళ్ళింకా గట్టిపడలేదు. దాహం తీరకుండానే దాన్ని తోసుకుంటూ గుట్టెక్కాలి.

“ఏం పొడలమ్మక్కా, ఇవాళ కూడా బిడ్డ గొంతు తడవలేదా?” అని ఒకరోజు నక్క భద్రయ్య అడిగాడు.

ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

“నీళ్ళ పక్కన చల్లటి చోటు ఆ పిట్టలది. పరుగు మనది. మనం ఎప్పుడు తాగాలో, ఎప్పుడు ఆపాలో వాళ్ళు చెబుతారు. ఈ మడుగు మనది కాదా అక్కా?”

అందులో కొంత నిజం ఉంది. అందుకే పొడలమ్మ మనసులో నాటుకుంది. భద్రయ్య అదే మాట అడవిపందులకూ, కణుజు జింకలకూ చెప్పాడు. నాలుగు రోజుల్లో అందరూ ఇసుకదిబ్బ మీద కూడారు. పిట్టల్ని వెళ్ళగొట్టాలన్నారు.

కుందేలు గురవయ్య ఒక్కడే లేచాడు. “భద్రయ్య బావా, ఆ పిట్టలు పుట్టిందీ ఇక్కడే. వాళ్ళు మనవాళ్ళు కారా? అరుపులు ఎక్కువయ్యాయంటే, పిలిచి కూర్చోబెట్టి మాట్లాడదాం.”

నక్క గుంపు వైపు తిరిగాడు. “విన్నారా? బిడ్డల దాహం కన్నా ఇతనికి పిట్టలు ముఖ్యం. మనవాడైతే ఈ మాట అంటాడా?”

పందులు గుర్రుమన్నాయి. గురవయ్య పొడలమ్మ వైపు చూశాడు. ఆమె మేతకు పోయినప్పుడు పిల్లను కనిపెట్టుకుని ఉండేది అతనే.

“నువ్వైనా చెప్పమ్మా.”

“నా బిడ్డ నీళ్ళు తాగాలి, అన్నయ్యా,” అంది ఆమె తల వంచుకుని.

గురవయ్య దిబ్బ దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పందులు పిట్టల్ని తరిమేశాయి. ఒడ్డున చెదిరిన గులకరాళ్ళు తానే సర్దుతానని నక్క వెనక ఉండిపోయాడు. ఆ తర్వాత మడుగు ప్రశాంతంగా ఉంది. పిల్ల కడుపునిండా తాగి ఒడ్డునే గంతులేసేది. అది చూసి పొడలమ్మ భద్రయ్యకు మనసులోనే దండం పెట్టుకుంది.

ఒక ఉదయం రెల్లు పొదల్లోంచి రేచుకుక్కలు వచ్చాయి. ఎవరూ అరవలేదు. పొడలమ్మ తలెత్తేసరికి తనకూ బిడ్డకూ మధ్య అవి నిలబడి ఉన్నాయి. ఆమె కాళ్ళు ఆమెను గుట్ట మీదికి లాక్కుపోయాయి. బిడ్డ కింద ఉండిపోయింది.

మధ్యాహ్నం అందరికన్నా ముందు ఏడ్చింది భద్రయ్యే. “ఆ పిట్టలే పగబట్టి కుక్కల్ని పిలిచాయి. దారి చూపింది గురవయ్య.”

పందులు తలలూపాయి. పొడలమ్మ నక్క ముఖంలోకి చూసింది. మూతికి నెత్తురు ఎండి ఉంది. కుక్కలు వదిలేసిన ఎముకల దగ్గరికి ఎవరు వెళ్ళారో ఆమెకు అర్థమైంది.

“మూతి కడుక్కుని మాట్లాడు, భద్రయ్యా.”

“పాపం, దుఃఖంలో ఉంది,” అన్నాడు నక్క నెమ్మదిగా. తర్వాత అందరి వైపూ తిరిగాడు. “కానీ ఇలాంటి వేళ మన మధ్య చిచ్చు పెట్టేవాళ్ళు మనవాళ్ళు కారు.”

ఎవరూ ఆమె వైపు చూడలేదు. పొడలమ్మ ఒంటరిగా వాగు వెంట కిందికి నడిచింది. ఎండిన ఇసుకలో ముసలి తీతువు కనిపించింది.

“మళ్ళీ వచ్చి కాపలా కాయండి, పెద్దయ్యా. తప్పు నాదే.”

“మీ కోసం అరిచామనుకున్నావా తల్లీ? మా గుడ్ల కోసం అరిచాం. దాంతో మీరూ బతికారు. మమ్మల్ని తరిమిన రోజే భద్రయ్య ఆ గుడ్లన్నీ తినేశాడు. ఇప్పుడు అక్కడ దేన్ని కాపాడుకోవడానికి అరవమంటావు?”

పొడలమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఎగువన మడుగు దగ్గర మిగిలినవాళ్ళు తలలు వంచి నింపాదిగా నీళ్ళు తాగుతున్నారు.

‘మనం’ అంటూ దగ్గరికి వచ్చినవాడు ముందు ఎవరిని బయటికి నెడుతున్నాడో చూసుకోవాలి. తర్వాతి వంతు మనదే కావచ్చు.