నెమలి ఈక తెలియని పాదాలు

మూడు వైపులా కొండలు, నాలుగో వైపు ఏరు కాపు కాసే ఒకానొక రాజ్యంలో రణధీరుడనే రాజు ఉండేవాడు. పేరు రణధీరుడే గాని ఆయన యుద్ధానికి వెళ్ళగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. పడకగది నుంచి భోజనశాలకు కూడా పల్లకిలోనే వెళ్ళేవాడు. నేల మీద నడవడం బోయీల పని, ఆకులు తినడం మేకల పని అని ఆయన నమ్మకం. వేట మాంసం నేతిలో ఈదాలి, పాయసంలో గరిటె నిలబడాలి. అదే రాజసం అనేవాడు.

రాజుగారు భోంచేస్తున్నంతసేపూ నవ్వించడానికి బొల్లన అనే మాటకారి ఉండేవాడు. రాజు నవ్వితేనే అతనికి జీతం. కాని బొల్లన చెప్పే చమత్కారాలన్నీ నిజానికి ఇంకో మనిషి కోసం. రాజు పీటకు ఎదురుగా, స్తంభం పక్కన చాప మీద కూర్చుని తింటూ ఉండే పేరమ కోసం. ఆమె పెదవి చివర చిన్న నవ్వు కదిలితే చాలు, అతనికి ఆ పూట కడుపు నిండిపోయేది.

పేరమ బొల్లనకు మేనమామ కూతురు. రాజు తినబోయే ప్రతి వంటకం ముందుగా తను తిని చూపించడం ఆమె ఉద్యోగం. వంటలో విషముంటే ముందు ఆమెకు తెలియాలి. అంతకుముందు ఆమె తండ్రి చేసేవాడు. కాలి పుండు మానక ఆయన పోతే కూతురికి ఇచ్చారు. వేరే రాజ్యాల్లో అయితే ఒక ముద్దతో సరిపోయేది. రణధీరుడికి అంత తేలికగా నమ్మకం కుదరదు. తను ఎంత తింటే ఆమె అంత తినాలన్నాడు. అక్కడితో ఊరుకోక ఊరంతా చాటింపు వేయించాడు. ఆమె ఏ ఆకైనా నమిలితే అది విషానికి విరుగుడు కావచ్చు. గట్టిగా నడిస్తే విషం చెమటలో పోవచ్చు. అప్పుడు విషం ఉండీ మనకు తెలియకుండా పోతుంది. కాబట్టి తండ్రి లాగే ఆమె కూడా ఆకు ముట్టకూడదు, భోజనశాల గడప దాటకూడదు. పెళ్ళి మాట అసలే కూడదు. మొగుడన్నవాడు చాటుగా ఏం తినిపిస్తాడో ఎవరు చూడొచ్చారు?

ఆ చివరి మాట విన్న పూట బొల్లన ఎవరినీ నవ్వించలేకపోయాడు.

కోట వెనక కొండకు మెట్లున్నాయి. తొలకరి పడితే ఆ మెట్ల పక్కన చెంచలి కూర మొలిచేది. పేరమకు ఈ ఉద్యోగం రాకముందు, ఆ రోజుల్లో బావా మరదళ్ళిద్దరూ బుట్టలు పట్టుకుని పోయేవారు. ముందు ఆమె మువ్వల చప్పుడు, వెనక ఇతని రొప్పు. పేరమ పైన రాతి మంటపంలో చేరి, జుట్టులో చినుకులు దులుపుకుంటూ, "నీ మాటలకున్న కాళ్ళు నీకు లేవు బావా" అని వెక్కిరించేది. ఆ వెక్కిరింత మళ్ళీ వినాలని బొల్లనకు ఎంత ఆశో. మబ్బు పట్టినప్పుడల్లా అతని చెవులు ఆ మెట్ల వైపే ఉండేవి.

ఇప్పుడు ఆ మనిషే గోడ పట్టుకుని లేస్తోంది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం అంటోంది. బొటనవేలికి తగిలిన చిన్న దెబ్బ మానకుండా ఉండిపోయింది. తొలి వాన కురిస్తే బొల్లన కొండకు పోయి, ఉత్తరీయంలో కూర మూటగట్టి, ఎవరికో ఇచ్చేసి, ఖాళీ ఉత్తరీయం తెచ్చి ఆమె పక్క స్తంభానికి ఆరేసేవాడు. ఆకు ముట్టకూడదన్నారు గాని వాసన మీద చాటింపు లేదు గదా. పేరమ కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చేది. ఆ కాస్సేపు ఇద్దరూ కొండ మీదే ఉండేవారు.

ఒకనాడు వడ్డన మధ్యలో ఆమె మెల్లగా అంది. "బావా, నా మువ్వ ఒకటి ఊడిపోయింది, చూశావా? ఎప్పుడు ఊడిందో తెలియలేదు. కాలికి ఏదీ తెలియటం లేదు. నాన్నకూ ఇలాగే మొదలైంది."

బొల్లన రాజవైద్యుడు అహోబల భట్టు దగ్గరికి పరుగెత్తాడు. భట్టు తాంబూలం నములుతూ, అది జబ్బు కాదనీ, భాగ్యవంతుల ఒంటి తీరే అంత అనీ, రాజుగారికీ అదే దాహం, అదే తిమ్మిరి ఉన్నాయనీ చెప్పి పంపేశాడు. ఆ చివరి మాట పట్టుకుని బొల్లన సాయంకాలమంతా ఏటి గట్టున తిరిగాడు.

మర్నాడు నిండు సభలో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, తమ భోజనంలో విషం కలుస్తోంది."

రాజుగారి చేతిలో వక్కపలుకు అలాగే ఆగిపోయింది. భటులు తలుపులు మూశారు. వంటవాణ్ణి రెక్కలు పట్టి లాక్కొచ్చారు.

"ఎవడు వాడు?" అన్నాడు రాజు.

"చెబుతాను ప్రభూ. కాని చాలా పెద్దవాడు, సుఖాల్లోనే పుట్టి పెరిగాడు. పేరు వింటే తమ మనసు కరిగిపోతుంది. శిక్ష ముందే వేసేస్తే మంచిది."

"నా మనసు కరగడమా? తల తీయిస్తాను."

"తల తీస్తే రెప్పపాటులో అయిపోతుంది. అంత సుఖపడ్డవాడికి అదేం శిక్ష? బతికుండి ఏడవాలంటే ఏం చేయాలో, సుఖమంటే తెలిసిన తమరే చెప్పాలి."

రాజు మీసం దువ్వుతూ ఆలోచించాడు. ఏం జరిగితే తన ప్రాణం విలవిల్లాడుతుందో అవన్నీ ఒక్కొక్కటే పైకి తీశాడు. "వాడి పల్లకి విరిచి పొయ్యిలో పెట్టండి. రోజూ కొండ మెట్లు కాలినడకన ఎక్కి దిగాలి. నెయ్యి, మాంసం, పాయసం వాడి కంటపడకూడదు. జొన్న సంకటి, పెసరపప్పు, ఉలవకట్టు, బుట్టెడు ఆకుకూర. మేకలా మేసి బతకాలి. బతికినన్నాళ్ళూ అంతే."

సభలో లావుపాటి దొరలంతా వణికారు.

"ఇక ఈ మాటకు తిరుగు లేదు గదా ప్రభూ?"

"నా మాటకు ఎప్పుడైనా ఉందిరా?"

అప్పుడు బొల్లన పేరమను పిలిపించమన్నాడు. ఇద్దరు దాసీలు పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. అరికాలికి ఏం తగిలినా చెప్పమని ఆమె కళ్ళకు గుడ్డ కట్టారు. బొల్లన వింజామర నుంచి ఒక నెమలి ఈక తీసి, ఆమె అరికాలి మీద ఆ చివర నుంచి ఈ చివరకు రాశాడు. ఒకప్పుడు ఆ పాదానికి గడ్డిపరక తగిలితే కొండంతా నవ్వులయ్యేది.

పేరమ కాసేపు ఆగి అడిగింది. "ఇంకా మొదలుపెట్టలేదా బావా?"

బొల్లన ఈక తీసేశాడు. తర్వాత భట్టు వైపు తిరిగాడు. రాజుగారి వంట తప్ప వేరే మెతుకు ఎరగని మనిషి ఇలా అయితే తప్పు దేనిదని అడిగాడు. భట్టుకు తప్పించుకునే దారి కనబడలేదు. తిండిదే అన్నాడు. ఈమె తండ్రీ అలాగే పోయాడు కాబట్టి నిదానంగా పనిచేసే విషమే అయి ఉంటుందన్నాడు.

"అయితే తమ పాదం కూడా ఒకసారి చూడాలి ప్రభూ."

రాజు నవ్వి, కాలు చాపి, కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి రాజు విసుక్కున్నాడు. "ఏరా, కానీవేం?"

కళ్ళు తెరిచేసరికి ఈక ఆయన అరికాలి మీదే ఉంది.

రాజు ముఖం తెల్లబోయింది. వంటవాడు కాళ్ళ మీద పడి, ఆజ్ఞ అయిన వంటకమే వండాను గాని చిటికెడు ఉప్పు కూడా సొంతంగా వేసి ఎరగనన్నాడు. ఆజ్ఞ ఎవరిదని బొల్లన అడిగాడు. వంటవాడు సింహాసనం వైపు చూసి తల దించుకున్నాడు.

"ఒరే బొల్లనా, దోషిని నేనంటావా? పాయసం విషమూ, ఆకు విరుగుడూనా? నీకెవడు చెప్పాడురా?"

"తమరే ప్రభూ. ఆకు తింటే విరుగుడు, నడిస్తే విషం పోతుంది అని చాటింపు వేయించింది తమరే. ఊరంతా విన్నది. నేను సొంతంగా ఒక్క మాట కలపలేదు."

రాజు కోపంగా లేవబోయాడు. ఇద్దరు పట్టుకుంటేగాని లేవలేకపోయాడు. అప్పుడు పేరమ, కళ్ళకు గుడ్డతోనే, నెమ్మదిగా అంది.

"మా నాన్న చివరికి ఒకటే అడిగారు ప్రభూ. కొండ మీద తడిగడ్డిలో ఒక్కసారి నడవాలని. గడప దాటే ఆజ్ఞ లేకపోయింది."

రాజు ఆమె పాదాల వంక చూశాడు. తన పాదాల వంక చూసుకున్నాడు. చిన్నప్పుడు తనూ ఆ గడ్డిలో పరుగెత్తిన సంగతి ఎన్నాళ్ళకో జ్ఞాపకం వచ్చింది. మెల్లగా ఆయన బొజ్జ కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, చివరికి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"నవ్వించమని జీతమిస్తే, నా ఉరితాడు నాచేతే పేనించావురా. సరే, ఆడిన మాట ఆడినట్టే. ఇదిగో హారం, పుచ్చుకో."

"హారం వద్దు ప్రభూ. పేరమను గడప దాటనివ్వండి, చాలు."

"ఇక కొండ ఎక్కి నేనే కోసుకొచ్చే ఆకులో విషం ఎవడు కలుపుతాడు? ఈ రోజుతో ఆ ఉద్యోగమే లేదు. హారం ఆ పిల్ల మెళ్ళో వెయ్యి. పెళ్ళికి నన్ను పిలు, నడిచే వస్తాను."

పల్లకి పొయ్యిలోకి పోయింది. మొదట్లో రాజు మెట్టుమెట్టుకీ బొల్లనను తిడుతూ ఎక్కేవాడు. సిగ్గుపడి భట్టు కూడా కషాయాల సంచీతో వెనక నడిచాడు. రాజు నడుస్తుంటే దొరలు పల్లకి ఎక్కలేకపోయారు. వాళ్ళ ఇళ్ళలోనూ ఆకుకూరలు, పప్పులు, జొన్నలు ఉడకడం మొదలైంది. జబ్బు ముదిరినవాళ్ళకు పోయిందంతా తిరిగి రాలేదు. ఇంకా రానివాళ్ళలో మాత్రం చాలామంది ఇళ్ళకు అది దారి మరిచిపోయింది.

మళ్ళీ తొలకరి వచ్చింది. పేరమ వేలి దెబ్బ మానింది. పరుగెత్తలేదు గాని, బొల్లన భుజం మీద చెయ్యి వేసి ఒక్కో మెట్టూ ఎక్కింది. మిగిలిన మువ్వలు సన్నగా మోగుతున్నాయి. పైన మంటపంలో ముందే చేరిన రాజు, "మాటలకున్న కాళ్ళు మనుషులకు లేవేం?" అని కేకేశాడు. ఆ వెక్కిరింత పెళ్ళినాడు పేరమే ఆయనకు నేర్పింది.

చెంచలి కూర మొలిచిన చోట, తడిగడ్డిలో, ఆమె ఎడమ కాలు మోపి ఆగిపోయింది.

"నొప్పా?" అన్నాడు బొల్లన.

"కాదు బావా. చల్లగా ఉంది."

రాజు ఆ మాట విన్నాడు. గబగబా దిగివచ్చి తనూ గడ్డిలో పాదాలు పెట్టి నిలబడ్డాడు. కాసేపు చూసి, "నాకింకా తెలియటం లేదురా" అని నవ్వాడు. "రేపూ ఎక్కాలి కాబోలు."

పేరమ కుడి కాలు కూడా గడ్డిలోకి తెచ్చి, ఎడమ కాలి పక్కనే పెట్టింది. దానికీ చల్లదనం తెలుస్తుందేమోనని అలా నిలబడి చూస్తోంది. చినుకులు మొదలయ్యాయి. ముగ్గురిలో ఎవరికీ దిగాలనిపించలేదు.