పైడమ్మ అడగని ప్రశ్న

"ప్యాసేజీ అర్థం కాకపోయినా జవాబులు సరిగ్గానే వస్తున్నాయి కదా మాస్టారూ, ఇక అర్థం చేసుకోవడం ఎందుకు?" అని ప్రణతి అడిగిననాటికి కృపానందం మాస్టారి కుడికంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. శుక్లం తీయించుకుని మూడు రోజులైంది. ఎడమ కంటి చూపు ఎప్పటినుంచో అంతంతమాత్రమే. పడక్కుర్చీలో వెనక్కి వాలి, పిల్ల గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి, ఆయన చిన్నగా నవ్వారు గాని జవాబు చెప్పలేదు. అడిగిన రోజున జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "ఆవకాయ కలిపిన పూటే రుచి చూస్తారా? మూడోనాడు తిరగగలిపాక కదా దాని సంగతి తెలిసేది" అనేవారు. కొందరి ప్రశ్నలు మూడోనాటికి వాటంతటవే చప్పబడి పోయేవి. అలాంటివి ఆయన మళ్లీ ఎత్తేవారు కాదు.

ప్రణతికి పదిహేడేళ్లు. పెద్ద విశ్వవిద్యాలయంలో డిగ్రీ సీటు కోసం రాసే ప్రవేశ పరీక్షకు ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి. మిగతా సబ్జెక్టులకు జంకని పిల్లకి, పేజీ నిండా ఇంగ్లీషు కనబడేసరికి మాత్రం అరచేతులు చెమర్చేవి. మొదటి వాక్యంలో తెలియని మాట ఒక్కటి తగిలిందా, ఊబిలో కాలు పెట్టినట్టు అక్కడే దిగబడిపోయేది. చుట్టూ ఉన్న వాక్యాలన్నీ మీదికి వస్తున్నట్టు ఉండేది. ఆ భయానికి కోచింగు సెంటరు వాళ్లు మందు చెప్పారు. ముందు ప్రశ్న చూడు. ప్రశ్నలో ఉన్న మాటను ప్యాసేజీలో వెతుకు. దాని పై వాక్యం, కింది వాక్యం చూసి టిక్కు పెట్టు. మిగతాది నీది కాదు.

ఆ చివరి మాట ఆ పిల్లకి తాయెత్తులా పనిచేసింది. మిగతాది నాది కాదు అనుకోగానే పేజీలో చీకటంతా ఎవరిదో అయిపోయేది. పదికి తొమ్మిది రావడం మొదలైంది.

చిక్కల్లా మాస్టారి ఇంట్లో ఉన్న పద్ధతితో వచ్చింది. వెనకటి రోజుల్లో కాలేజీలో మూడు పేజీల వ్యాసాన్ని ఒక పేజీకి కుదించి రాయమనేవారు. రాయలేనివాడు చదవలేదన్నమాటే. మాస్టారు ఆ కాలపు మనిషి. కాని ఆయన కుదించమనేవారు కాదు. జవాబులు పెట్టాక పుస్తకం మూసి, ఆ ప్యాసేజీ ఏమిటో తెలుగులో పైడమ్మకు చెప్పి రమ్మనేవారు. పైడమ్మ ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో అంట్లు తోముతోంది. ఇంగ్లీషు మాట అటుంచి, తెలుగు అక్షరం కూడా ఎరగదు. పెరట్లో కుళాయి దగ్గర పీట మీద కూర్చుని, చెయ్యి ఆపకుండా వినేది. పైడమ్మకి అర్థమైతే పిల్లకి అర్థమైనట్టు. కాకపోతే మళ్లీ చదవాలి. లెక్చరర్లు, బ్యాంకు మేనేజర్లు అయినవాళ్లు కూడా ఒకప్పుడు ఆ కుళాయి దగ్గర నీళ్లు నమిలినవాళ్లే.

సోమవారంనాడు ప్రణతి వంతు వచ్చింది. తిమింగలాల నిద్ర గురించిన ప్యాసేజీ. ఐదుకి ఐదూ వచ్చాయి. కుళాయి దగ్గరికి వెళ్లి, "తిమింగలాలు నీళ్లలో నిలబడి నిద్రపోతాయట" అంది.

"నిలబడెందుకూ? పడుకోకూడదేటి?" అంది పైడమ్మ.

ప్రణతి టిక్కు పెట్టిన ఐదు జవాబులూ మనసులో తిరగేసింది. అది వాటిలో లేదు.

"నీళ్లల్లో నిద్దరోతే మరి ఊపిరెలాగ? చేపనాగ మొప్పలుంటాయా దానికి?"

అదీ తెలియదు. రెండూ ప్యాసేజీలో ఉన్నాయి గాని, ప్రశ్నల్లో లేవు.

"ఐదుకైదొచ్చాయని సెప్పినావు, అడిగితే బెల్లంకొట్టిన రాయినాగ ఉంటావేటి సదువులమ్మా!" అని పైడమ్మ బూడిద చేత్తో మూతి అడ్డుపెట్టుకుని నవ్వింది. మనసు చివుక్కుమని ప్రణతి ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు వచ్చి మాస్టారిని అడిగిందే మొదట చెప్పిన ఆ ప్రశ్న.

ఆ మంగళవారం పైడమ్మ పనికి రాలేదు. కూతుర్ని ఆసుపత్రి నుంచి తెచ్చుకునే హడావిడిలో ఉంది. దేముడమ్మ ఆమెకు ఒక్కతే కూతురు. పుట్టింటికి వచ్చింది, ఎనిమిదో నెల. కిందటేడు ఏడో నెలలోనే కడుపు పోయింది. అప్పటినుంచి పైడమ్మకి నవ్వినా కూడా లోపల ఒక గుబులు ఉండేది. ఈసారి రక్తపోటు ఎక్కువగా ఉందని నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. పంపేటప్పుడు నర్సమ్మ ఏదో చెప్పిందట. అప్పుడే ఇంకో నలుగురి పేర్లు పిలుస్తున్నారు. సగం వినబడింది, సగం వినబడలేదు. చేతిలో ఇంగ్లీషు కాగితం పెట్టారు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి పైడమ్మ అంట్ల జోలికి పోకుండానే, బొడ్డులో దోపుకున్న ఆ కాగితం తీసుకుని వసారాలోకి వచ్చింది. మాస్టారు లోపల కంట్లో మందు వేయించుకుని పడుకుని ఉన్నారు. ప్రణతి ఒక్కతే ఉంది.

"మళ్లీ ఎప్పుడు తీసుకెళ్లాలో అది సూసి సెప్పు పాపా. అల్లుడు రాయగడ నుంచి రావాల. సెలవు ముందుగాల అడగాలంట."

ప్రణతికి లోపల్లోపల సరదా వేసింది. ఇదిగో ప్యాసేజీ, ఇదిగో ప్రశ్న. వేలు కాగితం మీద పైనుంచి కిందికి జారింది. అర నిమిషం పట్టలేదు.

"రెండు వారాల తర్వాత. అంటే పద్దెనిమిదో తారీకు, మంగళవారం."

"మంగళారమొద్దు, బుధారం ఎల్తాం." పైడమ్మ ముఖం తేటపడింది. పనిలో పనిగా కష్టం చెప్పుకుంది. "మా దేముడమ్మ గుంట నిన్నటికాడనుంచి తలకాయ నొప్పని తొంగుంది పాపా. సొంఠి అరగదీసి రాసినాను, తగ్గనేదు. బియ్యంలో రాళ్లేరమంటే కనబడ్డంనేదంటాది. కడుపుతో ఉన్నోళ్లకి బద్దకమెక్కువ కదేటి."

"ఊఁ" అంది ప్రణతి. కళ్లు అప్పటికే పక్కనున్న పుస్తకంలో తరువాతి ప్యాసేజీ మీద ఉన్నాయి.

"మా ఇంటికాడ ఎలకలు. పద్దెనిమిది దాకా దీంతో పనేటుంది, బాబుగోరి బీరువాలో పెట్టీ. గుంటకి గెంజి కాసి, అంట్లకి మజ్జాన్నం వొత్తాను." అలా చెప్పి పైడమ్మ వెళ్లిపోయింది.

కాసేపటికి మాస్టారు గోడ తడుముకుంటూ వసారాలోకి వచ్చారు. బీరువా తలుపు కిర్రుమనడం విని, "ఏం పెడుతున్నావమ్మా?" అన్నారు.

"పైడమ్మ ఆసుపత్రి కాగితం మాస్టారూ. దాచమంది."

"చదివి పెట్టు. చదవని కాగితం ఆ బీరువాలోకి పోదు."

"చదివేశానండీ. అడిగినదానికి జవాబు కూడా చెప్పేశాను."

"నాకు కళ్లు లేవు కదా. నాకు చెప్పు. నేనే పైడమ్మననుకో."

ప్రణతి విసుగు బయటపడకుండా మొదలుపెట్టింది. పేరు, వయసు. ముప్పై మూడో వారం. చేరినప్పుడు రక్తపోటు ఎక్కువ. మూత్రంలో ప్రోటీను కనబడింది. ఇవీ మాత్రలు, పూటకి ఒకటి. విశ్రాంతి. రెండు వారాల తర్వాత రావాలి. ఆ వరుస కింద, చెమటకు సిరా అలికిపోయిన చోట, ఇంకొక వాక్యం ఉంది. ఇందాక వేలు అక్కడిదాకా రాలేదు. రావలసిన పని పడలేదు.

"తలనొప్పి తగ్గకుండా ఉన్నా, చూపు మసకబారినా, పొట్ట పైభాగాన నొప్పి వచ్చినా, గడువు దాకా ఆగకుండా వెంటనే..."

ఆ వాక్యంలో ఆ పిల్లకి తెలియని మాట ఒక్కటీ లేదు. అంత తేలిక వాక్యం ఆమె పుస్తకంలో ఎక్కడా లేదు. అయినా వేలు దాన్ని దాటి ముందుకు కదలలేదు. బియ్యంలో రాళ్లు కనబడ్డంనేదంటాది. తాను దానికి ఊఁ అంది.

"ఆగావేం?" అన్నారు మాస్టారు.

చెప్పింది. వాక్యమూ చెప్పింది, పైడమ్మ అన్నదీ చెప్పింది. మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డారు. కంటి గుడ్డ జారి మెడ మీద పడింది. "నాకు కాదమ్మా, నూట ఎనిమిదికి చెప్పు. ముందు ఆ పని."

అంబులెన్సు వాళ్లు ఊరు, వీధి, గుర్తు అడిగారు. వస్తున్నామన్నారు. పైడమ్మ ఇంటి నెంబరుకు చేస్తే ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ మోగింది. ప్రణతి కాగితం జాకెట్టులో దోపుకుని సైకిలెక్కింది.

పైడమ్మ ఉండేది రైలు పట్టాలకు అవతల. గేటు వేసి ఉంది. గూడ్సు బండి, తాపీగా, పెట్టె వెనక పెట్టె. ఒక్కో పెట్టె మీదా తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు కళ్లముందు నుంచి పోతున్నాయి. ఆ పిల్ల ఒక్కటీ చదవలేకపోయింది. అంబులెన్సు కూడా ఈ గేటు దాటే రావాలి కదా అని తోచేసరికి సైకిలు హ్యాండిలు మీద తల ఆనించుకుంది. ఎవరికి మొక్కిందో, ఏమని మొక్కిందో తరువాత తనకే గుర్తులేదు.

గేటు లేచి ప్రణతి చేరేసరికి వాకిట్లో పైడమ్మ గంజి వారుస్తోంది. "ఏటి పాపా, మార్కులు గాని వొచ్చినాయేటి, అలగ రొప్పుతున్నావు?" అంది నవ్వుతూ. ప్రణతి ఆమెను దాటుకుని లోపలికి వెళ్లింది. దేముడమ్మ గోడవారగా చాప మీద పడుకుని ఉంది. ముఖం ఉబ్బి, కనురెప్పలు బరువుగా ఉన్నాయి. పక్కన తలగడ కింద, శబ్దం తీసేసిన ఫోను ఆగి ఆగి వెలుగుతోంది. తలుపులోంచి పడే పొద్దుటి ఎండలో, రెండడుగుల దూరంలో ప్రణతి నిలబడి ఉంటే, చిన్నప్పటినుంచీ ఎరిగిన దేముడమ్మ కళ్లు చిట్లించి, "ఎవులమ్మా?" అని అడిగింది.

ప్రణతి పరీక్ష అంటే పడ్డ భయాలన్నీ ఆ ఒక్క మాట ముందు చిన్నపిల్లల ఆటల్లా అయిపోయాయి.

అంబులెన్సు వచ్చింది. అందులో ఉన్న అతను దేముడమ్మ చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, మళ్లీ చుట్టి చూశాడు. "కాగితాలున్నాయా?" అన్నాడు. ప్రణతి తీసి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది, ఒక్క మాట వదలకుండా. దారిలో ఒకసారి దేముడమ్మ పిడికిళ్లు బిగుసుకుని, ఒళ్లంతా విల్లులా వంగింది. పైడమ్మ పెట్టిన కేకకు బండి గోడలు అదిరాయి. అతను ఇంజెక్షను ఇచ్చి, ఊపిరి ఆడేలా తల పక్కకు తిప్పి పట్టుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, రెండు కిలోలకు తక్కువ. గాజుపెట్టెలో పెట్టారు. దేముడమ్మకు శుక్రవారం పొద్దునకు గాని తెలివి రాలేదు. డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఇంకాస్త ఆలస్యం అయ్యుంటే..." అని మొదలుపెట్టి, ఎదురుగా నిలబడిన పైడమ్మ ముఖం చూసి, మిగతా మాట మింగేసింది.

ఐదోనాటికి పైడమ్మ కుళాయి దగ్గరికి వచ్చి కూర్చుంది. ప్రణతిని పిలిచి, కొత్తగా ఇచ్చిన కాగితం చేతిలో పెట్టింది. "సదువులమ్మా, ఎప్పుడు రమ్మన్నారో నానడగను. దీన్లో ఏటేటుందో అంతా సెప్పు. ఏటీ మిగల్చకు" అంది. ప్రణతి నేల మీద చతికిలబడి, తారీకు నుంచి సంతకం దాకా చెప్పింది. రెండుచోట్ల పైడమ్మ అడ్డుతగిలి అడిగింది. రెండుచోట్లా వెనక్కి వెళ్లి మళ్లీ చదివి చెప్పింది. అలికిపోయిన అక్షరం ఒకటి దొరికితే, చేతులు మళ్లీ చెమర్చాయి. అయినా వేలు అక్కడినుంచి తియ్యకుండా, వెలుగులోకి తిప్పి తిప్పి చూసింది.

తరువాత ఆ కాగితం బీరువాలో పెట్టడానికి వసారాలోకి వచ్చింది. మాస్టారి కంటికి గుడ్డ తీసేసి నల్లద్దాలు పెట్టారు. పరీక్షకు ఇంక వారం కూడా లేదు. ప్రణతి పుస్తకం తెరవలేదు, ప్రశ్న గుర్తుచేయనూ లేదు. ఆయనే గుర్తుచేశారు.

"ఆవేళ పైడమ్మ నిన్ను అడిగిందేమిటి?"

"మళ్లీ ఎప్పుడు తీసుకెళ్లాలని మాస్టారూ."

"నువ్వేం చెప్పావు?"

"రెండు వారాల తర్వాత అని."

పెరట్లో కుళాయి చప్పుడు ఆగింది. మాస్టారు నల్లద్దాలు సర్దుకుని, "సరైన జవాబే" అన్నారు. "మార్కు పడుతుంది."