పసిబిడ్డ మాడు ఎందుకు కొట్టుకుంటుంది?

ఒకప్పుడు పసిబిడ్డల మాడు కూడా మీ మాడులాగే గట్టిగా ఉండేది. బిడ్డ పుట్టగానే ఆకాశం, భూమి, గాలి కలిసి ఆత్మను తెచ్చి, నోట్లో వేసి వెళ్లిపోయేవాళ్లు. అది ఎవరిదని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఒకరోజు గవరమ్మ పెరట్లో ఆముదం వండుతుండగా నొప్పులొచ్చాయి. అక్కడే ఆడపిల్ల పుట్టింది. అత్త పోలమ్మ పిల్లను చేటలో పడుకోబెట్టింది. పిల్ల కదల్లేదు, ఏడవలేదు. అంతలో ఆ ముగ్గురూ ఆత్మను పట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్లు ఇచ్చి పోవచ్చు కదా! ఊహూఁ.

"నేనిస్తాను, ఇది నాది," అంది ఆకాశం. "యుగాల నుంచీ నా దగ్గరే ఉంది. ఇవాళ కిందికి దించాను."

"చాల్లే సంబడం!" అంది భూమి. "మొక్కలోంచి విత్తనం వచ్చినట్టు ఇది అమ్మానాన్నల్లోంచి వచ్చింది. వాళ్లు నా మట్టి. కాబట్టి నాదే."

"పాతదీ కాదు, వాళ్లదీ కాదు," అంది గాలి. "ఈ పిల్ల కోసమే ఇప్పుడే కొత్తగా ఊదాను."

ముగ్గురూ ఆత్మను పట్టుకుని గుంజుకుంటున్నారు. చేటలో పిల్ల నీలంగా మారిపోతోంది. ఒక్కరైనా అటు చూస్తేనా!

గవరమ్మకి ఒళ్లు మండిపోయింది. "మీ తగువు తగలెయ్య! నా పిల్ల ప్రాణం పోతుంటే మీకు వాటాలు కావాలా?"

"పెద్దవాళ్లమ్మా, అలా అనకూడదు," అంది పోలమ్మ.

"ఏం పెద్దవాళ్లు అత్తా! పెద్దరికం అంటే ఇదేనా?"

గవరమ్మ లేచి వాళ్ల చేతుల్లోంచి ఆత్మను లాక్కుంది. పిల్ల నోరు తెరిపించబోయింది. దవడలు బిగుసుకుపోయాయి, తెరుచుకోలేదు. ఏడుస్తూనే బొటనవేలితో మాడు మీద నొక్కింది. మాడు మెత్తబడి దారిచ్చింది. ఆత్మ లోపలికి జారింది. పిల్ల కేరుమంది!

అప్పుడైనా ఆ ముగ్గురూ సిగ్గుపడాలా వద్దా? పడలేదు.

"ఆ దారి మూయకు," అన్నారు. "పిల్లకి మాటలు రాగానే ఆ దారినే వెళ్లి, ఎక్కణ్ణించి వచ్చావని అడుగుతాం. తనకే కదా తెలుసు."

"ఇంతా చేసి నా పిల్ల మీకు సాక్ష్యం కూడా చెప్పాలా?" గవరమ్మ గోరువెచ్చటి ఆముదం పిల్ల మాడు మీద పోసి అరచేత్తో అద్దింది. "మాటలొచ్చేలోగా మూసేస్తాను. చేతనైతే ఆపండి!"

రోజూ అద్దింది. పిల్ల చక్కగా మాట్లాడే నాటికి దారి మూసుకుపోయింది. తను వచ్చిన చోటు పిల్ల మరిచేపోయింది.

అప్పటినుంచే పసిబిడ్డల మాడు మెత్తగా ఉంటోంది. అమ్మలు ఆముదం అద్దగా అద్దగా, మాటలొచ్చే వేళకి గట్టిపడుతోంది. ఈలోగా మీ చెల్లాయి మాడు చూడండి, టుక్కుటుక్కుమని కొట్టుకుంటూ ఉంటుంది. సిగ్గులేని ఆ ముగ్గురూ ఇంకా తలుపు తడుతూనే ఉన్నారు.