సింగన్న చేతిలో ఉసిరికాయ

…అదేనర్రా, ఏమీ అనుకోకండి, ఆదివారం అడిగినదానికి గురువారం జవాబు చెప్తున్నాను. ఈ వాయిస్ మెసేజ్ రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకసారి పాలు పొంగిపోయాయి, ఇంకోసారి ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. లల్లీ, నువ్వు హోటల్లో అడిగావు చూడు, "పెద్దమ్మా, సర్వరుకి ఎలాగూ టిప్పు ఇస్తున్నావుగా, అదేదో ముందే ఇచ్చేస్తే మనకే ముందు తెచ్చేవాడుగా?" అని. హేమంతేమో "బిల్లు కట్టాక మళ్ళీ ఎందుకసలు?" అన్నాడు. ఇద్దరికీ కలిపి ఒకటే కథ. వినండి.

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన, ఒక టిఫిన్ హోటల్ ఉండేది. యజమాని భూషణం అనే ఎలుగుబంటి. వంట భూషణమే చేసేవాడు. బాగా చేసేవాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి! వడ్డించేది మాత్రం సింగన్న. సింగన్న అంటే కొండముచ్చు. రెండు చేతుల్లో నాలుగు ప్లేట్లు, తోకకి సాంబారు బకెట్టు! ఒక్క చుక్క కింద పడితే ఒట్టు. ఎవరు ముందొస్తే వాళ్ళకే ముందు. ఏనుగొచ్చినా అంతే, ఎలుకొచ్చినా అంతే.

"సింగన్న వరస తప్పదు" అని ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాడు. గర్వమే మరి. పనొచ్చినవాడికి ఆమాత్రం గర్వం ఉండాలి.

జీతం కింద భూషణం రోజూ సాయంత్రం గంపెడు మొక్కజొన్న పొత్తులు ఇచ్చేవాడు. అది కాక, పొద్దున్నే తాబేలు మామ్మ వచ్చేది. ఒక్క ఇడ్లీ తినేది. తిన్నాక, "అడక్కముందే చట్నీ వేశావు నాయనా, చల్లగా ఉండు" అని సింగన్న చేతిలో ఒక ఉసిరికాయ పెట్టి వెళ్ళేది. ఉసిరికాయ నమిలి మంచినీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయి కదా? ఆ తీపి సింగన్నకి మధ్యాహ్నం దాకా నోట్లోనే ఉండేది.

ఒకరోజు దొరబాబు అని ఒక నక్క వచ్చింది. కూర్చోగానే బల్ల మీద ఇంత పనసకాయ పెట్టింది. "ఇది నీకే సింగన్నా. ముందే ఇచ్చేస్తున్నా. కాస్త చూసుకో" అని కన్ను కొట్టింది. అప్పటికే మామ్మ వచ్చి కూర్చుంది. సింగన్న మామ్మని చూశాడు, పనసకాయని చూశాడు. పొగలు కక్కే ఇడ్లీలు తీసుకెళ్ళి నక్క ముందు పెట్టాడు. మామ్మకి చల్లారినది వచ్చింది.

రెండోరోజు అడవిపంది వచ్చింది. దానికీ కబురందింది. రెండు మామిడిపళ్ళు ఎంగిలి ప్లేటులోకి విసిరి, "ఏరుకో, ముందు నాకు పెట్టు" అంది. సింగన్నకి చెవులు కాలినట్టయింది. అయినా వంగి ఏరుకున్నాడు.

మూడోరోజుకి ఎవరిని చూసినా ముందు పళ్ళు పెట్టి కూర్చుంటున్నారు. భూషణం అది చూసి బొజ్జ నిమురుకున్నాడు. "ఏరా సింగన్నా, జనం ఇంతింత ఇస్తుంటే నేనెందుకురా ఇవ్వడం? ఇవాళ్టి నుంచి నీకు పొత్తులు లేవు. వాళ్ళని నవ్విస్తూ ఉండు, నీ పొట్ట నిండుతుంది" అన్నాడు.

సింగన్న మళ్ళీ బకెట్టు అందుకున్నాడు. వడ్డిస్తూనే ఉన్నాడు. వాళ్ళకీ వీళ్ళకీ నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడే మూల నుంచి మామ్మ పిలిచింది. పొద్దున్నే వచ్చిన మామ్మ. ఎండ నెత్తిమీదికొచ్చినా ఇడ్లీ రాలేదు పాపం! మామ్మ తల సగం డొప్పలోకి లాక్కుని, చిన్న ఉసిరికాయని బల్ల మీద ముందుకి నెట్టింది.

"ఇక్కడ ముందే పెట్టాలంటగా నాయనా. నాకు తెలీలేదు. నా దగ్గర ఇదే ఉంది. ఆకలేస్తోంది, ఒక్కటి పెడతావా?"

రోజూ మెచ్చుకుని ఇచ్చే ఉసిరికాయర్రా అది! అదే ఇవాళ బతిమాలుకోవడానికి ఇస్తోంది.

సింగన్న కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఆ కాయ తీసి మామ్మ చేతిలోనే పెట్టి మూశాడు. "నువ్వు ముందు తిను మామ్మా" అని వేడివేడిగా తెచ్చి పెట్టాడు. తర్వాత బల్లబల్లకీ తిరిగి ఎవరి పళ్ళు వాళ్ళకి ఇచ్చేశాడు.

"ఏంట్రా నీ టెక్కు? ఇస్తే తీసుకోలేవా?" అంది దొరబాబు.

"తీసుకుంటా బాబూ, ఎందుకు తీసుకోను! తినండి. నచ్చితే చేతికివ్వండి. నచ్చకపోయినా హాయిగా వెళ్ళిరండి. వరస మాత్రం అమ్మను."

అక్కడితో ఆగలేదు. నేరుగా భూషణం దగ్గరికెళ్ళి బకెట్టు కింద పెట్టాడు. "అయ్యా, వాళ్ళిచ్చేది వాళ్ళ సంతోషం. నా జీతం మీ బాధ్యత. ఆ రెండూ కలిపెయ్యకండి."

"పోరా పో! నేను వడ్డించుకోలేనా?" అని భూషణం సింగన్నని బయటికి పంపేసి బకెట్టు ఎత్తాడు. పది అడుగులు వేశాడో లేదో, సాంబారు అడవిపంది నెత్తిన, చట్నీ దొరబాబు ఒళ్ళో! ఎలుకేమో పెసరట్టు కింద ఇరుక్కుని కిచకిచమంటోంది. హోటలంతా ఒకటే గోల. "సింగన్న ఏడీ? సింగన్నని పిలవండి!" అని అరుపులు.

భూషణం మూతికి అంటిన చట్నీ తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఒరే నాయనా, నీ పని ఇంతుందని నాకు తెలీదురా. పొత్తులు ఇస్తాను. ఎవరేం ఇచ్చినా, ఇవ్వకపోయినా ఇస్తాను. రా."

సింగన్న ఛాతీ విరుచుకుని లోపలికొచ్చాడు. తోకకి బకెట్టు తగిలించుకున్నాడు. ఎవరు ముందొస్తే వాళ్ళకే ముందు. దొరబాబు గొణుక్కుంటూ వరసలోనే కూర్చుంది.

అప్పటికి మామ్మ తినడం అయింది. నెమ్మదిగా లేచి, ఈసారి తల పూర్తిగా బయటపెట్టి, సింగన్న మొహంలోకి చూసి, ఉసిరికాయ చేతిలో పెట్టింది. సింగన్న నమిలాడు. నీళ్ళు తాగాడు. మూడు రోజుల తర్వాత మళ్ళీ తియ్యగా ఉన్నాయర్రా!

నీతి: పనికి జీతం యజమాని ఇవ్వాలి. మనమిచ్చేది మన సంతోషం, కాబట్టి అది పనయ్యాక ఇవ్వాలి, విసరకుండా చేతికివ్వాలి, మొహం చూసి… ఆఁ, ఏంటండీ? గ్యాస్ బండ వచ్చిందా? అయ్యో, మూడంతస్తులూ మోసుకొచ్చాడా? వస్తున్నా, వస్తున్నా! అతన్ని వెళ్ళిపోనివ్వకండి, మంచినీళ్ళు కూడా…