పక్క నుంచి పచ్చరాయి

అనగా అనగా, ఊళ్లకింకా పేర్లు కుదరని కాలాన, ఎర్రమట్టి నేలల మధ్య ఒక ఊరుండేది. ఆ ఊరి చివర సుంకన్న అనే సానవాడు ఉండేవాడు. వాన పడితే చేలల్లో ఎర్రరాళ్లు తేలేవి. జనం ఏరుకొచ్చి ఇస్తే, సుంకన్న వాటిని చక్రం మీద అరగదీసి, పలకలు తీర్చి, మెరుపు తెప్పించేవాడు. మంచివాడు. ఎవరి రాయినీ రవ్వంత కూడా వృథా చేసేవాడు కాదు. పేదవాళ్ల రాయైతే మరీ జాగ్రత్త. ఆ మంచితనమే ఎంత పని చేసిందో వినండి.

ఒక ఏడు వాన రాలేదు. రెండో ఏడూ రాలేదు. మూడో ఏడూ రాలేదు. చేలు ఎండాయి. గట్ల మీద గడ్డి ఎండింది. చివరికి వేపకొమ్మలు కూడా కొట్టి మేకలకు వేశారు. ఊళ్లో పచ్చటి ఆకు ఒక్కటి లేదు.

ఆ ఊళ్లోనే ఈరమ్మ అనే ముసలామె మంచాన పడింది. కళ్లకు పొరలు కమ్మాయి. అయినా వెలుతురూ రంగూ తెలిసేవి. కొడుకు ఎప్పుడో పోయాడు. ఉన్నది కోడలు ఓబుళమ్మ ఒక్కతే.

"ఏం కావాలత్తా?" అని కోడలు అడిగితే, ముసలామె గంజి అడగలేదు, నీళ్లు అడగలేదు.

"పచ్చన చూడాలనుందే. కొర్రపైరు మొలకెత్తినప్పుడు ఉంటది చూడు, ఆ పచ్చన. ఒక్కసారి చూసి పోతా."

"ఎక్కడి నుంచి తేవాలత్తా! దేవుడే ఎండిపోయినట్టున్నాడు."

"తేకపోతే నేను పోనుపో. ఇట్టనే నీతో చాకిరీ చేయించుకుంటా," అని ముసలామె బోసినోటితో నవ్వింది.

మరునాడు ఓబుళమ్మ వాగు ఇసకలో చెలమ తవ్వింది. నీళ్లు పడలేదు గాని, చేతికి ఒక రాయి తగిలింది. పొట్టిగా, లావుగా, నరికిన కట్టెముక్కలా ఉంది. పక్కల మీద దువ్వెనతో గీసినట్టు నిలువు గీతలు. ఎండకెత్తి చివర నుంచి చూసింది. నల్లగా, పాడుబడిన బావిలా ఉంది. తిప్పి పక్క నుంచి చూసింది. పచ్చన! కొర్రమొలక పచ్చన!

ఒక్క రాయిలో రెండు రంగులు ఎట్లా దాక్కుంటాయో, నాకిప్పటికీ అబ్బురమే. ఈ కాలం వాళ్లు దాన్ని టూర్మలైన్ అంటారట. ఆనాడు ఆ ఊళ్లో దానికి పేరే లేదు.

ఓబుళమ్మ దాన్ని తెచ్చి అత్త కళ్ల ముందు పెట్టింది. రాయి పైనంతా గరుకు. లోపలి పచ్చన ముసలి కళ్లకు ఆనలేదు. సానపడితే ఆనుతుందని సుంకన్న దగ్గరికి పరుగెత్తింది.

"సుంకన్న మామా, మా అత్త పోకముందే దీన్ని మెరిపించు. పక్క నుంచి పచ్చగా ఉంది, చూడు మామా."

"పక్కేంది, చివరేంది తల్లీ! నా బతుకంతా రాళ్లతోనే గడిచింది. ఎటు చూసినా రాయి ఒకటే."

పాపం, ఆయన ఎరిగినవన్నీ ఎర్రరాళ్లు. అవి ఎటు తిప్పినా ఎరుపే.

"పక్కను పైకి పెడితే సగం రాయి పొడైపోతుంది. చివరను పైకి పెడితే రేగుపండంత ముఖం వస్తుంది. చూపు ఆనని మనిషికి పెద్దగా కనబడొద్దా?" అన్నాడు సుంకన్న. కూలి కూడా వద్దన్నాడు.

కర్ర కొసకు లక్క కరిగించి రాయిని అంటించాడు. తాగడానికి దాచుకున్న నీళ్లే చక్రం మీద పోశాడు. మొదటి పలక తీస్తుండగా ఓబుళమ్మ వచ్చింది.

"మామా, పక్క నుంచి పచ్చగా ఉండె."

"ఎటు చూసినా రాయి ఒకటే తల్లీ."

రెండోసారి వచ్చింది.

"మామా, నల్లగా ఉందే?"

"వెనక లక్క ఉంది కదమ్మీ, దాని నీడ. అంత తెలిస్తే రా, నువ్వే కూర్చుని చక్రం తిప్పు!" అని సుంకన్న నవ్వాడు.

మూడోసారి వచ్చింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గడపలో నిలబడింది. చక్రం చప్పుడే వినబడింది.

పని ముగిసింది. లక్క ఊడదీశాడు. రాయి అద్దంలా మెరిసింది. అద్దంలా మెరిసినా, నల్లగానే ఉంది. సుంకన్న తుడిచాడు. నల్లగానే ఉంది. ఎండలో పెట్టాడు. నల్లగానే ఉంది. "ఉండమ్మీ..." అనేలోపే, "అత్తకు ఎగఊపిరి పట్టింది మామా," అని ఓబుళమ్మ రాయి లాక్కుని పరుగెత్తింది.

మిట్టమధ్యాహ్నం. తలుపు బార్లా తీసి, వెలుగు మంచం మీద పడేట్టు చేసి, రాయిని అత్త కళ్ల ముందు పట్టింది. పక్కలు ఏటవాలుగా అరిగిపోయి, ఎటు తిప్పినా నలుపే. ముసలామె చాలాసేపు చూసింది.

"అమ్మీ, పొద్దు గూకిందా?"

ఓబుళమ్మ రాయిని పిడికిట్లో మూసేసింది.

"అవునత్తా. పొద్దు గూకింది. పడుకో."

ముసలామె పడుకుంది. మళ్లీ లేవలేదు.

ఆ రాయిని ఓబుళమ్మ సుంకన్న గడప మీద పెట్టి వెళ్లిపోయింది. సుంకన్న దాన్ని ఈసారి పక్కకు తిప్పి లక్కకు అంటించాడు. అప్పటికే చాలా పోయింది. అరగదీస్తే, అరగదీస్తే, చివరికి కొర్రగింజంత మిగిలింది. ఆ గింజంతలో పైరు పచ్చన నిండి ఉంది.

అరచేతిలో పెట్టుకుని ఓబుళమ్మ ఇంటికి పోయాడు. మంచం బయట నిలబెట్టి ఉంది. ఆమె వంగి చూసింది.

"ఇంత పచ్చగా ఉందా మామా!" అంది. అంతే. తిట్టినా బాగుండేది ఆయనకు.

ఆ తర్వాత వానలొచ్చాయి. ఎర్రరాళ్లు మళ్లీ తేలాయి. ఎవరు రాయి తెచ్చినా సుంకన్న చివర నుంచి చూసేవాడు, వీపు నుంచి చూసేవాడు, పక్క నుంచి చూసేవాడు. చూసి కూడా అడిగేవాడు.

"నువ్వెటు నుంచి చూశావు తల్లీ?"

"ఎర్రరాయికి పక్కలేంటి తాతా, ముసలితనమా?" అని ఎగతాళి చేసేవాళ్లు.

"అట్లాగే అనుకో. చెప్పు, వింటా," అనేవాడు. చెప్పేదాకా చక్రం ముట్టేవాడు కాదు. అట్లా అడుగుతూ అడుగుతూనే ఒకనాడు పోయాడు.

ఆయన చక్రం ఎన్నో చేతులు మారింది. ఇప్పటికీ ఆ వైపు సానవాళ్లు రాయి అందుకోగానే, "నువ్వెటు నుంచి చూశావు?" అని అడుగుతారు. తెచ్చిన వాళ్లు ఎవరైనా సరే, చివరికి గాజుపెంకు తెచ్చిన పిల్లలైనా సరే, వేలు పెట్టి ఇటు నుంచి అని చూపించాలి.

అప్పుడు సానవాడు, "సుంకన్న విన్నాడు," అంటాడు.

అన్నాకే చక్రం మీద నీళ్లు పోస్తాడు.