శనివారం జ్వరం

“జ్వరమని చెప్పి శనివారం పని మానేస్తే ఆ విశ్రాంతి చెల్లుతుందా మాస్టారూ?” అని కెజియా అడిగింది.

గుంటూరు అంచున ఒక వాడలో కొద్దిపాటి యూదు కుటుంబాలున్నాయి. అందరూ రెక్కాడితే గాని డొక్కాడని వాళ్ళే. వాళ్ళకు హీబ్రూ అక్షరాలు దిద్దించేది అజర్యా మాస్టారు. ఆయన శిష్యురాలు కెజియా రెడీమేడ్ బట్టల కంపెనీలో మిషను కుడుతుంది. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా పని ముట్టకూడదన్నది వాళ్ళ ధర్మం. పొయ్యి కూడా వెలిగించరు. కంపెనీకి మాత్రం ఆదివారమే సెలవు. ఇల్లు గడిచేది కెజియా జీతంతోనే. అందుకని మూడు నెలలుగా ఆమెకు ప్రతి శనివారమూ జ్వరం.

మాస్టారు చెల్లుతుందనలేదు, చెల్లదనలేదు. “ఈ శనివారం మీ ఇంట్లోనే నా భోజనం” అన్నారు.

శనివారం మధ్యాహ్నం ఆయన పీట మీద కూర్చుని, ముందురోజు కలిపిపెట్టిన పులిహోర తింటున్నారు. గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. కంపెనీ సూపర్‌వైజరు వసుంధర! చేతిలో బ్రెడ్డు, గ్లూకోజు పొట్లం. కెజియా గభాలున మంచమెక్కి దుప్పటి లాక్కుంది.

“వారం తప్పకుండా వచ్చే జ్వరమేమిటే తల్లీ! మన కంపెనీ బస్సైనా అంత టైముకి రాదు” అంటూ వసుంధర పక్కనే కూర్చుంది. చల్లారి ఉన్న పొయ్యి కంటబడగానే ఆమె మనసు కరిగింది. “అయ్యో, పొయ్యి వెలిగించుకునే ఓపిక కూడా లేదా! ఉండు, టీ కాచిస్తాను.”

లేచి లైటరు చేతికి తీసుకుంది.

కెజియా మాస్టారి వంక చూసింది. ఆయన పులిహోరలో ఎండుమిరపకాయ నములుతున్నారు. తల ఎత్తలేదు.

“వెలిగించకండి మేడమ్!” దుప్పటి కింద పడింది. “నాకు జ్వరం లేదు. ఏ శనివారమూ లేదు. ఇవాళ మేం పొయ్యి వెలిగించం, మిషను తొక్కం. అది మా దేవుడి ఆజ్ఞ. వచ్చే శనివారం కూడా రాను.”

వసుంధర లైటరు కింద పెట్టింది. “మూడు నెలలు పాపం, పాపం అంటూ నీ కోసం మేనేజరుతో పోట్లాడానే! ఇప్పుడు నీ మిషను ఇంకొకరికిస్తారు, తెలుసా? సోమవారం ఆయన ముందు నిలబడి ఏం చెప్తావు?”

“మీకు చెప్పిందే చెప్తాను.”

“జ్వరం లేనిదానికి బ్రెడ్డెందుకు మరి!” పొట్లాలు తీసుకుని వసుంధర విసవిసా వెళ్ళిపోయింది.

కెజియా కింద పడిన దుప్పటి తీసి మడతపెట్టింది. “ఉద్యోగం పోతే ఎలా మాస్టారూ? ఇంకేదైనా చెప్పి ఉండాల్సిందేమో.”

మాస్టారు ఇంకాస్త పులిహోర వడ్డించుకున్నారు.

“ఐగుప్తులో ఫరో రాజుకి వెట్టి చేసిన మనవాళ్ళు” అన్నారు, “జ్వరమని చెప్పి బయటపడలేదమ్మా.”