ఆలుగడ్డ మొక్క ఇచ్చిన మాట

ఒకప్పుడు ఆలుగడ్డ మొక్క ఎండేది కాదు. ఎప్పుడు చూసినా పచ్చగా, నిగనిగలాడుతూ నిలబడేది. చూడముచ్చటగానే ఉండేది గానీ, మట్టి కింద గడ్డ ఊరిందో లేదో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ రోజుల్లో ఒక ఎర్రమట్టి ఊళ్లో సంగవ్వ అనే ఆమె ఉండేది. ఆలుగడ్డలంటే ఆమెకు ప్రాణం. ఇంటి వెనక పెరట్లో మూడు రకాలు పెట్టింది. ఒక సాలు ఎర్రవి, ఒక సాలు తెల్లవి, ఒక సాలు నల్లవి. నల్లవి కోస్తే లోపల నేరేడుపండు రంగు ఉంటుందని మేనత్త చెప్పింది. సంగవ్వ మాత్రం ఎన్నడూ చూడలేదు. ఎందుకంటే ఆమె పెరట్లో ఒక్క గడ్డా సరిగ్గా చేతికొచ్చింది లేదు.

ఒకసారి ఆత్రం ఆగక తవ్వితే శనగగింజలంత గడ్డలు బయటపడ్డాయి. ఇంకోసారి భయపడి ఆగితే లోపలే కుళ్లిపోయి కంపుకొట్టాయి. ఇక మిగిలింది దోసెడు విత్తనం. ఆ చలికాలం అదీ మట్టిలో పెట్టేసింది.

"ఈసారి కూడా గిట్లనే అయితే అంతా పీకేసి జొన్న వేస్త" అన్నాడు భర్త బస్సప్ప. "మళ్ల నా దగ్గర ఈ గడ్డల పేరెత్తకు."

సంగవ్వకు దిగులు పట్టుకుంది. పెరట్లోకి పోయి ఎర్ర ఆలుగడ్డ మొక్క పక్కన కూర్చుంది.

"తల్లీ, నీ పిల్లలు ఎంతెంత అయిన్రు? జర చెప్పరాదే" అని అడిగింది.

మొక్క ఆకులు ముడుచుకుంది. "ఎందుకు చెప్పాలె? చెప్తే తవ్వుకపోతవు. ఒక్కదాన్ని కూడ మిగలనియ్యవు."

"మిగిలిస్త. ప్రతి రకంల మంచి గడ్డలు తీసి దాస్త. మళ్ల చలి రాంగనే ఈ మట్టిలనే పెడత. నా మాట నమ్ము."

మూడు సాళ్ల మొక్కలూ తలలు కలిపి గుసగుసలాడుకున్నాయి. కాసేపటికి ఎర్ర మొక్క నోరు విప్పింది.

"అయితే విను. మా ఒంట్ల ఉన్న సత్తువంతా పిల్లలకే పెడతం. ఇంక పెట్టేందుకు ఏం లేదన్ననాడు పసుపు రంగుకు తిరిగి నేల మీద వాలిపోతం. అప్పుడు తవ్వుకో. అందాక మమ్ముల ముట్టకు."

"నాకు జర ఆలస్యమైతది" అంది నల్ల మొక్క నెమ్మదిగా. "నన్ను తొందరపెట్టకు."

సరేనని మాటిచ్చింది సంగవ్వ. ఇక చూడాలి ఆమె సంబరం. పొద్దున లేస్తే పెరట్లోనే, గిన్నెలు తోముతూ కూడా చూపు సాళ్ల మీదే. ఒకనాడు ఎర్ర సాలంతా పసుపు రంగుకు తిరిగి పడుకుంది. సంగవ్వ పార కోసం ఒకటే పరుగు. మట్టి తిరగేస్తే గుప్పెడంతేసి ఎర్ర గడ్డలు, తల్లికోడి రెక్కల కింది పిల్లల్లా గుంపుగా ఉన్నాయి.

"ఇవి మన పెరట్లవేనా?" అని బస్సప్ప మురిసిపోయాడు. ఆ ఊపులో తెల్ల సాలు మీద కూడా పార ఎత్తాడు.

సంగవ్వ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. "ఆకు ఇంక పచ్చగుంది. నేను మాటిచ్చిన."

బస్సప్ప పార దించాడు. కొన్నాళ్లకు తెల్ల సాలు కూడా వాలింది. గంప నిండింది. మిగిలింది నల్ల సాలు.

అప్పుడు వచ్చింది, కాలం కాని కాలంలో ఒక పెద్ద మబ్బు.

"తవ్వేద్దాం" అన్నాడు బస్సప్ప. "నీళ్లు నిలిస్తే అన్నీ కుళ్లిపోతయి."

ఈసారి సంగవ్వ కూడా అడ్డం నిలబడలేదు. పార పట్టుకుని నల్ల మొక్క దగ్గరికి పోయింది.

"పిల్లల తోలు ఇంక పలచగుంది సంగవ్వా" అంది మొక్క. "ఇప్పుడు తవ్వితే నీ చేతులనే ఊడొస్తది."

సంగవ్వ తల పైకెత్తింది. "మబ్బయ్యా, జర ఆగరాదూ."

"కడుపు నిండ నీళ్లున్నయి, ఎంతసేపని మొయ్యను?" అంది మబ్బు. "పొద్దు గూకేదాక ఆగుత. ఆ తర్వాత నా వశం కాదు."

సంగవ్వ పార దించింది, గడ్డల మీద కాదు, సాలు పక్కన. నీళ్లు పోయేందుకు కాలువ తీయడం మొదలుపెట్టింది. బస్సప్ప ఇంకో పార తెచ్చుకుని రెండో పక్క మొదలుపెట్టాడు. తీసిన మట్టి మొక్కల మొదళ్లకు ఎగదోశారు. పొద్దు గూకింది. మబ్బు భోరున కురిసింది. నీళ్లు కాలువల వెంట గలగలా పరుగెత్తి బయటి బాటలో పడ్డాయి. ఎత్తు చేసిన మట్టి చెక్కు చెదరలేదు.

మళ్లీ ఎండ కాసింది. నల్ల సాలు తీరిగ్గా పసుపు రంగుకు తిరిగి, ఒక పొద్దున మెత్తగా వాలిపోయింది. సంగవ్వ పార కూడా వాడలేదు, చేతులతోనే మట్టి తీసింది. అన్నిటికన్నా పెద్ద గడ్డలు అవే. బస్సప్ప ఆగలేక ఒకటి కోశాడు. లోపల నిండా నేరేడుపండు రంగు. సంగవ్వ ఒక సగం అందుకుని ఎండకు ఎత్తి చూసింది.

పొయ్యి వెలిగించే ముందే సంగవ్వ మూడు రకాల్లోనూ మంచి గడ్డలు ఏరి, చల్లని చీకటి మూలలో ఇసుక మీద పరిచింది. ఆ తర్వాతే కూరకు కత్తిపీట ముందేసుకుంది.

అప్పటినుంచే గడ్డ ముదరగానే ఆలుగడ్డ మొక్క పసుపు రంగుకు తిరిగి నేల మీద వాలిపోతుంది. ఒక రకం ముందు, ఒక రకం వెనక, దేని పొద్దు దానిది. వేరే ఏ మొక్క ఎండినా మనసుకు దిగులేస్తుంది. ఆలుగడ్డ మొక్క ఎండితే మాత్రం ఇంటిల్లిపాదీ గంప పట్టుకుని పెరట్లోకి పరుగెత్తుతారు.